వందకు వంద వెనక్కిచ్చే ఇల్లు

ఎనభైల నడిమి ఆ సంవత్సరాల్లో న్యూజెర్సీ తెలుగువాళ్ళం రెండే తెగలు: ఇల్లు కొన్నవాళ్ళు, కొనబోతున్నవాళ్ళు. అద్దెకుంటున్నవాళ్ళనే మూడో తెగ లేనే లేదు. అద్దెకున్న ప్రతివాడూ తాను రేపో మాపో కొనబోతున్నవాణ్ణని చెప్పుకోవలసిందే. నేనూ చెప్పుకునేవాణ్ణి. గొట్టాల్లో నీటి ఒత్తిడి లెక్కలు కట్టే ఇంజనీరు ఉద్యోగంలో అది నాకు రెండో ఏడు. దశాంశ బిందువు తరువాత మూడో అంకె దాకా సరిచూడనిదే కాగితం మీద సంతకం పెట్టేవాణ్ణి కాను (ఈ గుణాన్ని మా ఆవిడ ఇప్పటికీ జబ్బు అనే అంటుంది).

ఎడిసన్‌లో ఒక తెలుగు డాక్టరు గారి రెండంతస్తుల ఇంట్లో పై వాటా నాది. కింద ఆయనా, అందరూ అక్కయ్యగారని పిలిచే ఆయన భార్యా ఉండేవారు. మూడు వారాల్లో మా ఆవిడ ఆరు నెలల పాపతో గుంటూరు నుంచి రాబోతోంది. నా లీజు ఆ నెలాఖరుతో ముగుస్తోంది. పసిపిల్ల ఉందనగానే మిగతా ఇళ్ళవాళ్ళు మొహం తిప్పేసుకుంటున్నారు. లీజు పొడిగించమని డాక్టరు గారిని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ ఆయన పెరట్లోని గడ్డి కేసి చూస్తూ, "చూద్దాంలేవోయ్" అన్నారు. ఆ వారంలో నేను నిద్రపోయిన గంటలు లెక్కగట్టగలను గాని, గట్టను.

సరిగ్గా అప్పుడే, రాష్ట్రానికి కట్టిన పన్నును ఫెడరల్ పన్ను లెక్కలో తగ్గించి చూపించే వీలు ఎత్తేస్తారని వాషింగ్టన్ నుంచి కబురు పుట్టింది. పన్నులెక్కువైన మా రాష్ట్రమంతా గగ్గోలెత్తింది. తెలుగువాళ్ళం నెలకోసారి ఒక బడి భోజనశాలలో తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసేవాళ్ళం. తిన్నాక, కాలేజీ రోజుల అలవాటు చావక, వారం ముందే తీసిన చీటీల ప్రకారం వక్తృత్వ పోటీ పెట్టుకునేవాళ్ళం. ఈసారి విషయం: ఇల్లున్నవారికీ, పన్నులెక్కువైన రాష్ట్రాలవారికీ తగ్గింపు ఇవ్వడం న్యాయమా? 'న్యాయమే' అన్న చీటీ డాక్టరు గారికి వచ్చింది. 'అన్యాయం' అన్నది నాకు వచ్చింది.

ఇంటి యజమానిని సభలో ఓడించి, మర్నాడు లీజు అడగడమెలా? గౌరవంగా ఓడిపోవాలని నిశ్చయించుకున్నాను. నిజానికి తగ్గేది పన్ను కాదు, పన్ను పడే ఆదాయం. ఇంటి అప్పు మీద వంద డాలర్లు వడ్డీ కడితే, పన్నులో డాక్టరు గారి వంటివారికి మహా అయితే యాభై తగ్గుతుంది. నేను ప్రొజెక్టరు మీద వేసే పారదర్శక కాగితం మీద వందకు వందా తగ్గుతుందని రాశాను. (నా జీవితంలో తెలిసి రాసిన తప్పు లెక్క అదొక్కటే. రాశాక మంచినీళ్ళు తాగాను.) ఇరవయ్యేళ్ళుగా పన్ను కడుతున్న మనిషి ఆ తప్పు పట్టుకుంటారు, నవ్వుతారు, గెలుస్తారు, ఆ సంతోషంలో సంతకం పెడతారు. ఇదీ నా పథకం.

ఆదివారం మధ్యాహ్నం ఆయన కారులోనే బయలుదేరాం. సభలో తెర మీద నా అంకెలు చూపిస్తూ, "ఇల్లున్నాయన వంద వడ్డీ కడితే ప్రభుత్వం వందా వెనక్కిస్తోంది. అద్దె కట్టే నాకు సున్నా. ఇదేం న్యాయం?" అన్నాను.

టెక్సస్ నుంచి వచ్చిన డాక్టరు గారి తోడల్లుడు వెనక నుంచి అందుకున్నాడు. "అదీ మాట! మాకు స్టేట్ ఇన్‌కమ్ టాక్సే లేదు. మీ గవర్నరు వసూలు చేసుకుంటే మేమెందుకయ్యా డిస్కౌంట్ ఇవ్వాలి?"

"నీ టర్న్ కాదు, కూర్చోవోయ్!" అంటూ డాక్టరు గారు లేచారు. తెర కేసి వేలు చూపించారు. తప్పు పట్టేశారనుకున్నాను.

"చూశారా! మావాడు నా పాయింటే ప్రూవ్ చేశాడు. వందకి వంద! ఇళ్ళమ్మే రియల్టరూ అదే అన్నాడు, 'ఇంటరెస్ట్ అంతా డిడక్టిబుల్ డాక్టర్' అని. అందుకే ఇప్పుడున్న ఇల్లు అమ్మేసి నాలుగు రెట్ల ఇల్లు తీసుకుంటున్నా. రేపే సైన్ చేస్తున్నా. లోన్ ఎంత పెద్దదైతే అంత లాభం!"

చప్పట్లు మోగాయి. పన్ను కాగితాలన్నీ అకౌంటెంటు నింపితే ఆయన సంతకం మాత్రమే పెడతారని నాకేం తెలుసు? 'చూద్దాం' వెనక ఉన్నది అమ్మకమని తెలిసింది. నోరు విప్పితే అరవై మంది ముందు ఆయన పరువు పోతుంది; విప్పకపోతే ఆయన అప్పులో మునుగుతారు, నా పాప దిక్కులేకుండా విమానం దిగుతుంది. ఇవి చాలవన్నట్టు ఆ తప్పు అంకె నా దస్తూరీలోనే తెర మీద వెలుగుతోంది.

"క్షమించాలి," అన్నాను. "ఆ లెక్క తప్పండీ. తిరిగొచ్చేది సగమే. తప్పని తెలిసే రాశాను."

అక్కయ్యగారు పులిహోర గిన్నె మూత ఠపీమని పెట్టారు. "నెల్రోజుల్నుంచీ నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా, మిగతా సగం మన జేబులోంచే పోతుందని! వింటేనా ఈయన!"

"ఆ రెండో సగం మా టెక్సస్ మీద వేయకండి వదినా," అన్నాడు తోడల్లుడు.

నవ్వులు ఆగలేదు. తిరుగు ప్రయాణంలో ఆఫీసు ప్రొజెక్టరు ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో బిగుసుకు కూర్చున్నాను. మూడో సిగ్నలు దాటాక డాక్టరు గారు అడిగారు.

"తెలిసే రాశానన్నావు. ఎందుకు?"

"మీరు కనిపెడతారని అనుకున్నానండీ."

"కనిపెట్టి?"

"గెలుస్తారని."

ఆయన అద్దంలోంచి నా కేసి చూశారు. "ఇల్లు తప్పిపోయినందుకు బాధ లేదోయ్. నన్ను జాలిపడి గెలిపిద్దామనుకున్నావు చూడు, అదీ బాధ."

సోమవారం ఆయన ఆ ఇంటి కాగితాల మీద సంతకం పెట్టలేదు. మంగళవారం లీజు నా తలుపు కింద నుంచి లోపలికి వచ్చింది. అద్దె పది డాలర్లు పెరిగింది. పక్కన ఆయన దస్తూరీలో, 'ఇది పన్ను లెక్కలో తగ్గించబడదు' అని రాసి ఉంది. ఆ పదీ నేను నాలుగేళ్ళు కట్టాను, సంతోషంగానే. పాప ఆ మెట్ల మీదే నడక నేర్చింది.

ఆ పోటీలో ఎవరు గెలిచారో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. తరువాత నేనూ ఒక ఇల్లు కొన్నాను, అదీ పన్నులు మండిపోయే ఊళ్ళోనే. ఏటా ఏప్రిల్‌లో వడ్డీ తగ్గింపు గడి నింపుతున్నప్పుడు ఆ వక్తృత్వంలో 'అద్దె కట్టేవాడికి సున్నా' అంటూ నేను చెప్పిన నిజమైన వాదనలు కూడా గుర్తొస్తాయి. ఒక్కటీ తప్పు కాదు. అయినా పెన్ను ఆగదు. అంత నిక్కచ్చిగా, అంత భయంగా ఉండే ఆ కుర్రవాడు ఇవాళ వచ్చి పై వాటా అద్దెకడిగితే ఇస్తానా అని ఆలోచిస్తాను. ఇస్తాననే అనుకుంటాను. కాని ముందు, గడ్డి కేసి చూస్తూ, చూద్దాంలేవోయ్ అంటానేమో.