రాక్షసుడికి గొంతు కావాలి

పక్కన ఎవరైనా తుమ్మితే మనం నూరేళ్లు బతకమని దీవిస్తాం. ముకర్రం మాత్రం ఫోన్ ముందుకు చాచి, "జర మళ్ల ఒక్కసారి తుమ్ము" అంటాడు. దగ్గు, గురక, ఆవలింత, కడుపులో గుడగుడ, ఏ చప్పుడు విన్నా అందులో అతనికో రాక్షసుడు వినిపిస్తాడు. వాణ్ని బయటికి లాగేదాకా అన్నం సయించదు. ఇరవై రెండేళ్లుగా ఈ మనిషితో కాపురం చేస్తున్న రుబీనా, తుమ్ము వచ్చేలా ఉంటే పెరట్లోకి పరుగెత్తి, అక్కడ తుమ్మి వస్తుంది.

మందమర్రి మార్కెట్ వెనుక సందులో ముకర్రంకు చిన్న రికార్డింగ్ గది ఉంది. గోడలకు పాత బొంతలు, కిటికీకి చిరిగిన పరుపు. ఆటో మైకుల్లో వినిపించే కూరగాయల కేకలు, సంతాప సభల ప్రకటనలు కడుపు నింపే పని. రాక్షసులు, దయ్యాలు, గుహల్లో నిద్రలేచే వింత జంతువులు మనసు నింపే పని. హైదరాబాద్‌లో పిల్లల కథలు ఆడియోగా చేసేవాళ్లు అడిగితే చేసి పంపుతాడు. బర్రె అరుపును నాలుగో వంతు వేగానికి తగ్గిస్తాడు. దాని కింద ఇనుప బీరువాను బండల మీద ఈడ్చిన చప్పుడు పరుస్తాడు. ఖాళీ బిందెలో తల దూర్చి తానే గుర్రుమంటాడు. ఒకసారి ఆ తల బయటికి రాలేదు. రుబీనా కొబ్బరినూనె పోసి లాగుతుంటే, లోపలి నుంచి అతను అడిగింది ఒక్కటే, రికార్డింగ్ ఆగలేదు కదా అని.

మరోసారి ఉల్లిగడ్డల ప్రకటన రికార్డు చేస్తూ, అంతకుముందు పెట్టిన రాక్షసుడి గొంతు తీసేయడం మరిచిపోయాడు. ఉల్లిగడ్డలమ్మే అబ్బాస్ తన ఆటోతో గని కార్మికుల కాలనీలోకి వెళ్లి మైకు పెట్టగానే, ఎర్ర ఉల్లిగడ్డలు వచ్చాయని పాతాళం నుంచి ఎవరో మూలిగారు. అక్కడ వాకిట్లో ఉన్న యాదవ్వ చేతిలో చాట అక్కడే పడేసి ఇంట్లోకి దూరి తలుపేసుకుంది. కాసేపటికి కిటికీలోంచి చెయ్యి చాపి రెండు కిలోలు తూయించుకుంది. పది గంటలకల్లా ఆటో ఖాళీ అయింది. మర్నాడు అబ్బాస్ వచ్చి, టమాటలకు కూడా అదే గొంతు కావాలన్నాడు.

ఆ ఏడు హైదరాబాద్ వాళ్లు, వెయ్యేళ్లు నిద్రపోయి లేచిన రాక్షసుడి గొంతు అడిగారు. సరిగ్గా అప్పుడే ముకర్రం చెవి వీధి చివరింటి లింగమూర్తి మీద పడింది. లింగమూర్తి గనిలో పనిచేసి రిటైరైన మనిషి. బొగ్గు పేల్చే ముందు అందరినీ తప్పుకొమ్మని కేక వేయడం అతని పని. ఆ కేక వినని కార్మికుడు లేడు. గొంతులో గడ్డకు ఆపరేషన్ అయ్యాక, అదంతా పోయి బొంగురు గరగర మిగిలింది. రోజూ గట్టిగా చదివితేనే గొంతు కుదురుకుంటుందని, లేకపోతే ఉన్నదీ పోతుందని డాక్టర్ చెప్పాడు. కానీ ఇంటికొచ్చిన రోజే, కోరుట్లలో ఉండే కూతురు జమున ఫోన్లో ఆ గరగర విని, ఎవరు మాట్లాడేది, మా బాపుకియ్యి అంది. అంతే, లింగమూర్తి నోరు మూసుకున్నాడు. భార్య బాలలక్ష్మి ఎంత బతిమాలినా తెరవలేదు. కావలసింది పలక మీద రాసి చూపేవాడు.

ఆ ఇంటికి ముకర్రం నవ్వుతూ వెళ్లి, "కాకా, గిసొంటి గొంతు నాకు జన్మల దొరకది. మా రాక్షసునికియ్యి" అన్నాడట. ఈ సంగతి తెలిసి రుబీనా సిగ్గుతో చచ్చిపోయింది. లింగమూర్తి పలక మీద 'పో' అని రాశాడు. బలపం గీసిన చప్పుడు కూడా బాగుందని ముకర్రం దాన్నీ రికార్డు చేసుకున్నాడు. మూడోనాడు లింగమూర్తి ఓపిక నశించి, నోరు తెరిచి తిట్టాడు. ముకర్రం మురిసిపోయి, మళ్లీ ఒక్కసారి తిట్టమన్నాడు.

అప్పటినుంచి రోజూ పొద్దున ఏడింటికి హాజరు. మొదట రాక్షసుడి మాటలు రాసుకెళ్లి చదివించాడు. పది రోజుల్లో అవి అయిపోతే దినపత్రిక తీసుకెళ్లాడు. వెయ్యేళ్లు పడుకున్న రాక్షసుడికి బెల్లంపల్లి వార్తలెందుకని రుబీనా అడిగింది.

"లేచినంక లోకం సంగతి తెలుసుకోవద్దా?" అన్నాడు ముకర్రం.

ఇలా నాలుగు నెలలు గడిచాయి. ఒకనాడు ఫోన్ ఇంట్లో మరిచిపోయి, పాత రైలింజన్ ఏదో మూలుగుతోందని విని ముకర్రం బెల్లంపల్లి వెళ్లాడు. హైదరాబాద్ వాళ్ల ఫోన్ వస్తే రుబీనా ఎత్తింది. కథ విడుదలై రెండు నెలలైందట, రాక్షసుడి గొంతు విని పిల్లలు దుప్పటి ముసుగు తీయడం లేదట, ఈసారి పెద్ద కాకి కావాలట.

రుబీనాకు ఒళ్లు మండిపోయింది. పని ఎప్పుడో అయిపోతే, జబ్బు మనిషిని ఇంకా రోజూ అరిపించడమేమిటి? నెత్తిన చున్నీ కప్పుకొని, క్షమించమని అడగడానికి నేరుగా లింగమూర్తి ఇంటికి వెళ్లింది. ఆయన అరుగు మీద పత్రిక పట్టుకుని కూర్చున్నాడు.

"కాకా, మా ఆయన నిన్ను మస్తు పరేషాన్ చేసిండు. గా రాక్షసుని పని ఎప్పుడో అయిపోయిందట. ఇగ నువ్వు తకలీఫ్ పడకు."

లింగమూర్తి పత్రిక మడిచి పక్కన పెట్టాడు. గొంతు గరగరలాడినా మాట స్పష్టంగా వచ్చింది.

"నాకెరుకే బిడ్డా. జమున పిల్లలు వచ్చినప్పుడు ఫోన్ల పెట్టి వినిపిచ్చిండ్రు. దాంట్ల నా గొంతు ఒక్క ముక్క లేదు. అంత బర్రె గొంతే."

ముకర్రం బర్రెకు తనకంటే ఎక్కువ విలువ ఇచ్చాడని లింగమూర్తి రెండు రోజులు కోపంగా ఉన్నాడట. మూడోనాడు ముకర్రం మళ్లీ పత్రిక పట్టుకుని వచ్చేసరికి సంగతి అర్థమైందట. తలుపు దగ్గర నిలబడిన బాలలక్ష్మి, డాక్టర్ చెప్పిన మాట మొట్టమొదట ముకర్రంతోనే చెప్పుకొని ఏడ్చానని అంది.

రుబీనాకు మొగుడి మీద ఎంత కోపంతో వచ్చిందో అంత ప్రేమా ఒక్కసారే ముంచుకొచ్చింది.

"నిన్న జమున ఫోన్ చేసింది" అన్నాడు లింగమూర్తి. "నేను హలో అన్ననో లేదో, బాపూ, అన్నం తిన్నవా అన్నది." కళ్లు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "నాకు తెలిసిందని వానికి చెప్పకు బిడ్డా. సిగ్గుపడి రాకుండ అయితడు. పొద్దుగాల వాడు రాకుంటే నాకు తోచది."

ఆ సాయంత్రం ముకర్రం అన్నానికి కూర్చున్నప్పుడు, రాక్షసుడి గొంతు కుదిరిందా అని రుబీనా మామూలుగా అడిగింది. అతను ఆమె వైపు చూడకుండా, అది చాలా కష్టమైన పని, ఇంకో ఏడాదైనా పట్టేట్టుందన్నాడు. రాక్షసుడికి ఇప్పుడేం తొందరని చెప్పి, రుబీనా అతని పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.