మూత వెనక కాగితం

తొర్రూరు బస్టాండు వెనక రేడియోలు బాగుచేసిన మెకానిక్ మొన్న సోమవారం రేగొండలో, కూతురింట్లో చనిపోయారు. చాలాకాలంగా ఆయాసం, దమ్ము. కబురు నాకు చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. మా పత్రికకు వార్తగా రెండు పంక్తులు పంపాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డప్పుడు, వార్తలు వినడానికి ఆయన దుకాణంలో కూర్చోవడం నాకు అలవాటైంది. ఆయన రేడియోలు సొంతంగా కట్టేవారు. లోపలి సర్క్యూట్ బోర్డులు హైదరాబాదు వెళ్లి తెచ్చుకునేవారు. కొనేముందు శబ్దం పూర్తిగా తగ్గించి, కరెంటు కొలిచే మీటరు పెట్టి చూసేవారు.

"మోగేటప్పుడు కాదు తమ్మీ, ఊకున్నప్పుడు ఎంత తాగుతదో చూడాలె" అనేవారు.

కరెంటు లేని తండాల్లో రేడియో బ్యాటరీ సెల్లుల మీదే నడవాలి. అందుకే ఆ పరీక్ష. ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఏ తీగ ఎక్కడ కలుస్తుందో చూపే సర్క్యూట్ పటం బయట దొరకని బోర్డును ఆయన ముట్టేవారు కాదు. ఆ పటాన్ని చేత్తో గీసి, రేడియో వెనక మూత లోపల అంటించేవారు. గిరాకీ చేజారకుండా, వేరేవాళ్లు బాగుచేయలేకుండా ట్రాన్సిస్టర్ల మీది నంబర్లను బ్లేడుతో గీకేసే మెకానిక్కులు ఉన్న రోజులవి.

అందరికీ చూపిస్తే నీ దగ్గరికెవరొస్తరన్నా అని ఒకసారి ఆటపట్టించాను.

"నేను లేనినాడు ఖరాబైతే ఎట్ల?" అన్నారు.

డెబ్బై ఒకటి యుద్ధమప్పుడు దగ్గరి తండా నుంచి ఒక అవ్వ రేడియో కొనడానికి వచ్చింది. కొడుకు మిలిటరీలో ఉన్నాడు, ఉత్తరం లేదు. ఆయన తక్కువ కరెంటు తాగే చిన్న గొంతు బోర్డు తీశారు. తండా అంతా వినాలి, పెద్ద గొంతుది బిగించమని పట్టుబట్టింది నేను. అవ్వ కూడా అదే కావాలంది. ఆయన ఒకసారి వద్దని, చివరికి ఆ పెద్దదే బిగించి ఇచ్చారు.

నాలుగో రోజుకే సెల్లులు అయిపోయాయి. యుద్ధం ఆగిన వార్త తండాకు చేరలేదు. ఇంకో రెండు రోజులకు అవ్వ రేడియో మోసుకుంటూ నడిచి వచ్చి, యుద్ధం ఆగిందని మా నోట విని, దాన్ని దుకాణం ముందు దించింది.

"గీ డబ్బా మూడు దినాలు లొల్లిజేసి సచ్చింది, బిడ్డా" అంది.

"తప్పు నాదే అవ్వా" అన్నారాయన. నావైపు చూడలేదు. వెంటనే బోర్డు మార్చి, కొత్త పటం గీసి అంటించారు. తర్వాత కొడుకు సెలవు మీద వచ్చాడు. ఆ తప్పు నాదని నేను మాత్రం అవ్వకు ఎప్పుడూ చెప్పలేదు.

నిన్న మెకానిక్ పోయిన కబురు చెప్పడానికి తండాకు వెళ్లాను. ఈసారి ఆ తప్పు నాదేనని కూడా చెప్పాను. అవ్వ విన్నదో లేదో తెలియదు, చెవులు మందగించాయి. మిలిటరీ నుంచి తిరిగొచ్చిన కొడుకు అరుగు మీద అదే రేడియో విప్పి, తెగిన తీగను అతికిస్తున్నాడు. పక్కన మూత నుంచి ఊడిన, ఆయన గీసిన పటం. గాలికి ఎగరకుండా దాని మీద ఒక పాత సెల్లు.