వసుమతి పేరున ఇచ్చిన బియ్యం

అమీర్‌పేటలో గోడ కనిపిస్తే చాలు, దానికి ఏదో ఒక కంప్యూటర్ కోర్సు బోర్డు తగిలించేస్తున్న రోజులవి. చిలకమ్మ ఇంటి గేటుకు మాత్రం ఏ బోర్డూ ఉండేది కాదు. పంజగుట్ట వైపు కేన్సర్ దవాఖాన మెట్ల మీద కూర్చున్న ఏ ఊరివాళ్ళను అడిగినా ఆ ఇంటికి దారి చెప్పేవారు. అక్కడ చిలకమ్మ పేరు తెలియనివాళ్ళు లేరు. కోరి తెలుసుకున్నవాళ్ళూ లేరు.

వరసగా ఉన్న ఆ గదుల్ని ఆమె భర్త రాజనర్సయ్య కంప్యూటర్ నేర్చుకునే కుర్రాళ్ళ కోసం కట్టించాడు. వాళ్ళ నాన్న కాలంలో కాకరపాదులు పాకిన నేల అది. కుర్రాళ్ళు వచ్చారు, మంత్రం జపించినట్టు కోబాల్ అన్నారు, జావా అన్నారు. అమెరికాలో కంపెనీలు చతికిలబడ్డాయని పేపర్లో పడిన కొన్నాళ్ళకే పరుపులు చుట్టుకుని ఎటు వాళ్ళటు పోయారు. గదులు బోసిపోయిన ఆ ఎండాకాలంలో, తలకు గుడ్డ చుట్టుకున్న ఒకావిడ గేటు పట్టుకుని నిలబడి, కరెంటు పెట్టించుకోవడానికి వచ్చాను, కొన్నాళ్ళు ఉండనిస్తారా అని అడిగింది. రేడియేషన్‌ను అందరూ కరెంటు అనే అంటారు. చిలకమ్మ ఆ తలగుడ్డ వైపు చూసి తాళం తీసింది. ఆ తర్వాత ఆ గదుల్లో ఒంట్లో బాగున్నవాళ్ళెవరూ దిగలేదు.

మామూలు రోజుల్లో వాళ్ళకు దవాఖానే లోకం. పండగొస్తేనే ప్రాణసంకటం. మిషన్లకు సెలవు, పెద్ద డాక్టర్లకు సెలవు, చుట్టాలకు తీరిక లేదు. సందులో ప్రతి ఇంటా నూనె కాగుతుంటే వీళ్ళు గోడలు చూస్తూ కూర్చోవాలి. చిలకమ్మకు అది గిట్టేది కాదు. "పండుగ పూట మూతులు ముడుసుకొని కూసుంటే నా ఇంట్ల నడవది" అని కేకలేసి అందర్నీ వాకిట్లోకి లాగేది. నోరంతా పుళ్ళు పడినవాళ్ళకు మిరపకాయ తగలని పెరుగు సద్ది కలిపేది. నమలలేనివాళ్ళకు సత్తుపిండిని పాలల్లో జారుగా కలిపి గ్లాసులో పోసేది. పోపు వాసనకే కడుపులో తిప్పేవాళ్ళుంటారని పొయ్యిని తీసుకుపోయి పెరట్లో పెట్టింది. వానొస్తే గొడుగు పట్టాల్సింది రాజనర్సయ్య. ఆయన తిట్టుకుంటూ పట్టేవాడు.

ఆ ఇంటికి ఇంకో పద్ధతి ఉండేది. మనిషి గడప దాటేటప్పుడు పోతున్నా అనకూడదు, వెళ్ళొస్తా అనాలి అని మనకు చిన్నప్పుడే నేర్పుతారు. చిలకమ్మ ఇంట్లో అది తలకిందులు. వైద్యం ముగించుకుని సంచులు సర్దుకున్నవాళ్ళు అలవాటుకొద్దీ వెళ్ళొస్తామమ్మా అంటే ఆమె మండిపడేది. "రావద్దు. పోతున్న అను. మల్ల నా గడప తొక్కితె కాళ్ళు ఇరగ్గొడ్త" అనేది. వాళ్ళు నవ్వుతూ, ఏడుస్తూ పోతున్నాం అని పోయేవారు. ఫోన్ నంబరు ఇవ్వబోయినా తీసుకునేది కాదు. అందువల్ల ఎవరు నిలబడ్డారో, ఎవరు దాటిపోయారో ఆమెకు తెలిసేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళ నోట ఎప్పుడో ఒక కబురు చేరేది. చేరిన కబురు ఎప్పుడూ మంచిది కాదు.

తెలియకపోవడమే ఆమెను పీడించింది. అందరూ దవాఖానకు పోయి ఇల్లు ఖాళీగా ఉన్న మధ్యాహ్నం, నడిమి గదిలో ఎవరో చెప్పులు ఈడుస్తూ నడిచినట్టుండేది. నల్లా దగ్గర పుక్కిలించి ఉమ్మిన చప్పుడు వినిపించేది. పోయి చూస్తే నేల పొడిగా ఉండేది. గది ఖాళీ అయిన ఎన్నాళ్ళకో తలుపు మూల నుంచి పొడుగాటి వెంట్రుక ఒకటి వచ్చి చీపురుకు చుట్టుకునేది. అది బతికున్న మనిషిదో, పోయిన మనిషిదో! దాన్ని పారేయడానికి చేతులు రాక అలాగే నిలబడిపోయేది.

"పిల్లి తిరుగుతున్నది, నువ్వు వట్టిగనే పరేషాన్ అయితవ్" అనేవాడు రాజనర్సయ్య. ఆ సందులో పిల్లి లేదని ఆయనకూ తెలుసు.

అందుకే ఆమె పెత్రమాస బియ్యంలో వాళ్ళనూ కలిపింది. బతుకమ్మ పండగ మొదలయ్యే అమావాస్య పొద్దున, ఎవరింట్లో పోయినవాళ్ళ పేరున వాళ్ళు బియ్యం, పప్పు, కూరగాయలు గుళ్ళో అయ్యగారికి ఇచ్చుకుంటారు. ఆయన గోత్రం, పేరు చెప్పించి, పెద్దలకు ముట్టిందంటాడు. చిలకమ్మ అత్తమామల పేర్లయ్యాక తన గదుల్లో ఉండి వెళ్ళి, చనిపోయారని కబురొచ్చినవాళ్ళ పేర్లు కూడా చెప్పేది. వాళ్ళ గోత్రాలు తెలియక తన ఇంటి గోత్రమే చెప్పేది. అలా ఇచ్చాక మధ్యాహ్నపు చప్పుళ్ళు కొంత తగ్గేవి. తగ్గాయని నమ్మితేనే ఆమెకు నిద్ర పట్టేది.

ఆ నిద్రనూ చెడగొట్టింది వసుమతి.

వసుమతిది గుడివాడ. భర్త చక్రపాణికి అక్కడ రెడీమేడ్ బట్టల కొట్టు. పిల్లల్లేరు. రొమ్ములో గడ్డకు కీమో, ఆపరేషను, కరెంటు అన్నీ అయ్యేదాకా నడిమి గదిలో ఉన్నారు. జుట్టు రాలిపోతే కొట్లోంచి రంగురంగుల స్కార్ఫులు తెప్పించుకుని రోజుకొకటి కట్టుకునే మనిషి. చిలకమ్మ పక్కన పీట వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతూ గుడివాడ మొత్తాన్ని ఇక్కడ కూర్చోబెట్టేది. ఉగాది వెళ్ళాక డాక్టర్లు ఇక ఫరవాలేదన్నారు. "పోతున్నాం పిన్నిగారూ" అని అందరికంటే గట్టిగా అరిచి మరీ ఆటో ఎక్కింది.

వానలు తగ్గుతున్న రోజుల్లో ఒక పొద్దున, పంజగుట్ట చౌరస్తాలో చిలకమ్మ చక్రపాణిని చూసింది. ఒంటరిగా ఉన్నాడు. నున్నటి గుండు. మీసం లేదు. ఆమెను చూశాడు, గుర్తుపట్టాడు, చటుక్కున మొహం తిప్పుకుని ఆగి ఉన్న బస్సు వెనక్కి తప్పుకున్నాడు. మీసంతో సహా తీయించుకున్న మగాడు, పక్కన పెళ్ళాం లేదు, కళ్ళెత్తి చూడలేకపోతున్నాడు. ఇంకేం అడగాలి? చిలకమ్మ ఇంటికొచ్చి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

పెత్రమాస నాడు అయ్యగారు "పేరు?" అన్నప్పుడు ఆమె అత్తమామల పేర్లు చెప్పింది. తర్వాత ఇంకో పేరూ స్పష్టంగానే చెప్పింది. వసుమతి.

ఆ సాయంత్రం వాకిట్లో ఆడవాళ్ళు బతుకమ్మ పేరుస్తున్నారు. తంగేడు, గునుగు, బంతి వరసలు పైకి లేస్తున్నాయి. పూల దగ్గరికి రావద్దని డాక్టర్లు చెప్పినవాళ్ళు అరుగు మీద కూర్చుని, ఆ రంగు కాదు ఈ రంగు అని పెత్తనం చేస్తున్నారు. చిలకమ్మ పసుపు ముద్దతో గౌరమ్మను చేస్తోంది.

"పిన్నిగారూ, గది ఖాళీ ఉందా?"

తలెత్తి చూస్తే గేటు దగ్గర వసుమతి. తలకు ఆకుపచ్చ స్కార్ఫు. చిలకమ్మ మొహం చూడలేదు, ముందు పాదాలు చూసింది. దయ్యాలకు పాదాలు వెనక్కి ఉంటాయని కదా అంటారు. వాచిపోయిన పాదాలు, హవాయి చెప్పుల్లో, ముందుకే ఉన్నాయి. చిలకమ్మ చేతిలోని పసుపు ముద్ద జారి నేల మీద పడింది.

వెనకనే సంచులతో చక్రపాణి వచ్చాడు. గుండు మీద అప్పుడే జుట్టు మొలుస్తోంది. "జబ్బు పోయిందని తిరుపతి వెళ్ళి మొక్కు తీర్చుకున్నామమ్మా. కొండ దిగిన వారానికే దీనికి నడుం నొప్పి. మళ్ళీ వచ్చిందంట, వెన్నులోకి పాకిందంట. ఆ రోజు రిపోర్టుల కోసం వచ్చాను. మళ్ళీ రావద్దన్నారు కదా మీరు, ఏ మొహం పెట్టుకుని పలకరించేది?" అన్నాడు. తర్వాత గొంతు పెంచి, అందరికీ వినపడేలా, "ఏం పర్లేదు, ఇంకోసారి కరెంటు పెడితే తగ్గిపోద్దంట" అన్నాడు.

చిలకమ్మ తాళం చెవి ఇచ్చింది. ఆ సాయంత్రం ఆమె చప్పట్లు కొట్టలేదు, పాట ఎత్తుకోలేదు.

తెల్లారగానే గుడికి పరుగెత్తింది. "అయ్యగారూ, నిన్న ఒక పేరు తప్పు చెప్పిన. ఆ మనిషి బతికే ఉన్నది. నా బియ్యం నాకు వాపసియ్యిండ్రి" అంది. ఆయన మంచివాడే. కసురుకోకుండా ఆమెను వంటశాల పక్క గదికి తీసుకెళ్ళి చూపించాడు. ఊరందరి బియ్యం, సన్నవీ దొడ్డువీ కలిసి ఒకే కుప్ప. ఏ గింజ ఎవరి పేరున ఇచ్చిందో దేవుడికైనా తెలుస్తుందా!

"మీ దోసెడేదో తీసుకోండమ్మా" అన్నాడు. ఆమె మొహం చూసి, "బతికున్నవాళ్ళను పోయారనుకుంటే ఆయుష్షు పెరుగుతుందంటారు" అని కూడా అన్నాడు. ఆ మాట అంటూ ఆయన కళ్ళు పక్కకు తిప్పుకోవడం చిలకమ్మ చూడనే చూసింది.

ఆ తొమ్మిది రోజుల పండగా ఆమెకు నరకమే. వసుమతి నొప్పితో మూలిగిన ప్రతిసారీ తానే ఆ గింజల్ని ఆమె నోట్లో పోసినట్టుండేది. ముద్ద కలిపి రాజనర్సయ్య చేత పంపేది కానీ ఆ గది గడప తొక్కేది కాదు. మధ్యాహ్నం చెప్పులు ఈడ్చిన చప్పుడు మళ్ళీ మొదలైంది. నడిచేది గదిలో ఉన్న వసుమతో, తాను బియ్యమిచ్చి పంపిన వసుమతో తెలియక, కొంగు చెవులకు చుట్టుకుని పెరట్లో కూర్చునేది. ఒకసారి ధైర్యం చేసి చూస్తే వసుమతి మంచం మీద నిద్రపోతోంది. చెప్పులు మంచం కింద ఉన్నాయి. ఆ రోజు చిలకమ్మకు అన్నం సయించలేదు.

దసరా వచ్చింది. దవాఖానలో మిషన్లకు సెలవు. రాజనర్సయ్య జమ్మి పూజకు పోయాడు, చక్రపాణి పాల పాకెట్టు కోసం బయటికి వెళ్ళాడు. చిలకమ్మ పెరట్లో పొయ్యి ముందు ఉండగా వసుమతి గోడ పట్టుకుంటూ వచ్చి పీట మీద కూలబడింది.

"ఏంటి పిన్నిగారూ, నేనేం తప్పు చేశాను? నన్ను చూస్తే దయ్యాన్ని చూసినట్టు పారిపోతున్నారు."

చిలకమ్మకు ఇక దాచడం చేత కాలేదు. పంజగుట్ట చౌరస్తా, గుండు, గుడి, బియ్యం కుప్ప, అంతా చెప్పేసింది. "నా నోరు పడిపోను, నేనే నిన్ను గా పెద్దలల్ల కలిపిన బిడ్డా. నీ నొప్పి నా పాపమే" అని తల బాదుకుంది.

వసుమతికి భయమేసింది. ఆ భయం మొహం మీద తెలిసిపోతూనే ఉంది. తర్వాత అడిగింది. "కూరగాయలేం పెట్టారు?"

"బీరకాయలు, గుమ్మడికాయ ముక్క."

"బీరకాయలా? నాకు పడదని తెలుసు కదా మీకు!" నవ్వబోయి, నడుం పట్టుకుని ఆగిపోయింది. నొప్పి సర్దుకున్నాక, "ఏడ్చారా?" అంది.

"ఏడ్వకుంటనా! గా దినమంత ఏడ్చిన."

"అందరూ తగ్గిపోద్దంటారు పిన్నిగారూ. ఆయన, మా అక్క, డాక్టరు, ఆఖరికి కాంటీన్‌లో టీ పోసేవాడు కూడా. తగ్గదని నాకు తెలుసు. ఆ మాట ఎత్తితే ఆయన లేచి బయటికెళ్ళిపోతారు. ఎవ్వరితోనూ అనలేక ఛస్తున్నాను. మీరు నన్ను ఒకసారి పంపించేశారు కదా, మీ దగ్గర నేను మాట్లాడొచ్చు." ఆమె చిలకమ్మ చెయ్యి పట్టుకుంది. "ఆ రోజు నేను లేననుకునే కదా ఆయన్ని చూశారు. ఎలా ఉన్నారు, నేను లేకుండా?"

చిలకమ్మకు అబద్ధం చెప్పాలనిపించింది. ఆ చెయ్యి చెప్పనివ్వలేదు.

"చిక్కిపోయిండు బిడ్డా. బట్టల దుకాణపాయన, అంగీ గుండీలు మీదియి కిందికి, కిందియి మీదికి పెట్టుకున్నడు. అటు ఇటు సూడకుంట రోడ్డు దాటుతుంటే బస్సోడు తిట్టిండు."

"అన్నం తిన్నట్టున్నారా?"

"లేదు."

వసుమతి స్కార్ఫు కొసతో కళ్ళు తుడుచుకుంది. గేటు చప్పుడైంది. చక్రపాణి పాల పాకెట్టుతో పెరటి గుమ్మం దాకా వచ్చి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, అక్కడే ఆగిపోయాడు.

"ఏమండీ, ఇలా వచ్చి కూర్చోండి. అన్నం వండటం నేర్పుతాను. ముందు బియ్యం కడగండి."

"ఇప్పుడా? పండగ పూట ఇదేం సరదా? నీకు తగ్గాక నువ్వే వండిపెడతావు కదా!" అన్నాడు చక్రపాణి, నవ్వు తెచ్చుకుంటూ. అని, ఆ ఇంట్లో ఎవరొచ్చినా తగ్గుతదిలే అనే చిలకమ్మ వైపు సాయం కోసం చూశాడు. వసుమతి కూడా ఆమె వైపే చూస్తోంది.

చిలకమ్మ పీట జరిపి ఆయనకు చోటిచ్చింది.

"నేర్సుకో కొడుకా" అంది.