అత్తగారి శాలువా

ఎండాకాలం రాజోలులో జనమంతా విసనకర్రలు పట్టుకుని అరుగుల మీద కూలబడితే, ఉమామహేశ్వరి మాత్రం శాలువా కప్పుకుని తిరుగుతుంది. ఆ శాలువా పోయిన అత్తగారిది. మేనరికం గనక ఆవిడ సొంత మేనత్త కూడా. ఉమ పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుని, పక్కింటి కాఫీ వాసన ముక్కుకు తగులుతున్నా ఓపిక పట్టి కూర్చుంటుంది. అప్పుడే తల దువ్వుకుని, ఊడిన వెంట్రుకల్ని వేలికి చుట్టి చూరులో దోపుతుంది. అత్తగారు దోపిన చుట్టలు ఇంకా అక్కడే ఉన్నాయి. చేతులు ఉబ్బి గాజులు కదలవు. "రిపోర్టు బాగానే ఉందమ్మా, మాత్ర మానకు," అంటారు అమలాపురం డాక్టరుగారు. "ఆయ్, మానట్లేదండీ. మరి ఈ చలేంటండీ?" అంటుంది బొంగురు గొంతుతో. అత్తగారికీ ఇదే చలి, ఇదే మగత, చివరికి ఇదే బొంగురు గొంతు. ఆవిడకు మాత్ర ఇచ్చినవాళ్లు లేరు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించారు.

మొన్న పక్కింటి చిట్టెమ్మ కేకేసింది. "ఉమా, మస్కట్ నుంచి మీ ఆయన ఫోను! గబగబా రా!"

ఎడారి పనిలో పడి వీరబాబు ఫోను చేసి చాలా నెలలైంది. తల్లి పోయినప్పుడు కూడా సెలవు దొరక్క రాలేకపోయాడు. ఉమ రిసీవరు అందుకుని, "వినపడుతోందా?" అంది.

అవతల ఒకటే హోరు. ఆ హోరులోంచి వీరబాబు పసిపిల్లాడిలా, "అమ్మా?" అన్నాడు.

నేను బావా, అనబోయింది ఉమ. శాలువా దగ్గరగా లాక్కుని, "అన్నం తిన్నావా, నాయనా?" అంది.