పూత మీద బేరం

కథ ఏదైనా సరే, దానికో కొండ బొమ్మ గీయాలని మాకు ట్రైనింగులో చెప్పారు. కింద ఎడమవైపు ప్రారంభం, ఎక్కేచోట సంఘర్షణ, కొన మీద క్లైమాక్స్, దిగేచోట ముగింపు. చెప్పినాయన ఏ పుస్తకమైనా చివరంటా చదివిన మనిషిలా నాకు కనపడలేదు గానీ, కొండ మాత్రం బోర్డు మీద బ్రహ్మాండంగా గీశాడు. భోజనాలయ్యాక మా చేత కూడా గీయించాడు. ఇన్నేళ్ళుగా తెలుగు పాఠం చెప్తున్నదాన్ని, స్కెచ్ పెన్నుతో కొండకు పచ్చరంగు పూస్తూ కూర్చున్నాను.

ఆ కొండ ఎక్కించాల్సింది ఎనిమిదో తరగతి వాళ్ళ చేత. అదనపు పఠనం కింద ఒక నర్తకి ఆత్మకథలోంచి నాలుగు పేజీలు ఇచ్చారు. ఆవిడ రచనలో పువ్వులూ వెన్నెలా కాస్త ఎక్కువే. అయినా ఎక్కడేం పెట్టాలో ఆవిడకు బాగా తెలుసు. మోకాలు వాచిపోయి ఆఖరిసారి స్టేజీ ఎక్కిన రోజుతో మొదలుపెడుతుంది. వెంటనే పసితనానికి పోతుంది. అరుగు మీద కూర్చున్న నాయనమ్మ ఆ పిల్ల పాదాలు ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూసి, దీన్ని నాట్యానికి ఇచ్చేయండి అంటుంది. ఆ తర్వాత గురువు, దెబ్బలు, గజ్జెలు, మొదటి ప్రదర్శన, చప్పట్లు. చివరికి మళ్ళీ ఆ వాచిన మోకాలు.

పేరాలు కత్తిరించి, కలిపేసి, వరసగా పేర్చమన్నాను. క్లాసు క్లాసంతా వయసు ప్రకారం పేర్చి పెట్టింది. ఆవిడ అలా రాయలేదర్రా అంటే, ఆవిడే తప్పు రాసిందేమో టీచర్ అన్నాడొకడు. వీళ్ళ దగ్గర గైడ్లున్నాయి. గైడులో జవాబు లేని ప్రశ్న వేస్తే నా వంక జాలిగా చూస్తారు, పాపం ఈవిడకు సిలబస్ తెలియదన్నట్టు.

ఆ క్లాసులోనే ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న ఆగిరిపల్లి వైపు ఒక మామిడితోటకి కాపలా. కాపు మొదలైతే కుటుంబం మొత్తం ఆ తోటలోనే పాక వేసుకుని ఉంటుంది. ఆరో తరగతి నుంచీ ఆ పిల్ల గొంతు నేను విన్నది అటెండెన్స్ అప్పుడే. అలాంటిది ఈ పాఠంలో, ఆవిడ మోకాలి సంగతి రెండుసార్లు ఎందుకు చెప్పిందండీ అని తనంతట తనే అడిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కొండా గిండా ఏమైపోయినా సరే, ఆ పిల్ల మళ్ళీ నోరు మూసుకోకుండా ఉంటే చాలనుకున్నాను. ఆ ఏడాది మొత్తం మీద నాకు కావలసింది అదొక్కటే.

అంతలో ట్రైనింగులో కొండ గీసినాయన మా స్కూలుకే వచ్చాడు, పాఠం ఎలా సాగుతోందో చూడటానికి. అప్పుడు తోటలన్నీ పూత మీదున్నాయి. రోడ్ల మీద వ్యాపారులు బండ్లు ఆపి, చెట్ల కింద తలెత్తుకుని పూత చూసి ధర కడుతూ నిలబడి ఉండేవాళ్ళు. మా హెడ్మాస్టరు గారు ముందు రోజే సమోసాలు చెప్పించారు. చార్టు గోడకి అంటించాం. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పేరాని కొండ మీద సరైన చోట అతికించాలి. కొన మీద మొదటి ప్రదర్శన పేరా ఉండాలని ఆయన జేబులో ఉన్న జవాబుల కీ చెప్తోంది.

క్లైమాక్స్ ఎవరు పెడతారని ఆయన అడిగితే ఆ పిల్ల లేచింది. నాయనమ్మ పాదాలు చూసిన పేరా తీసుకెళ్ళి కొన మీద అతికించింది. ఆయన నవ్వి, ఎందుకు పెట్టావమ్మా అన్నాడు.

"తోట పూత మీదే కొనేస్తారు కదండీ. బేరం అక్కడే అయిపోయింది. ఇంక ఆ కాళ్ళు ఆ పిల్లవి కావండి."

రాసినావిడ ఆ పేరాని వాచిన మోకాలి పక్కనే తెచ్చి ఎందుకు పెట్టిందో నాకూ అప్పుడే పూర్తిగా అర్థమైంది. ఆయనకు మాత్రం అదేం పట్టలేదు. చప్పట్లు లేని చోట క్లైమాక్స్ ఎలా వస్తుందమ్మా అని అడిగి, ఆ చీటీ ఊడదీసి, కొన మీద ఎర్రపెన్నుతో ఇంటూ కొట్టాడు. గైడ్లున్న వాళ్ళంతా కిసుక్కున నవ్వారు. పిల్లల మనసు తోటల మీదుంది మేడం, టెక్స్ట్‌లోకి తీసుకురండి అని నాకు సలహా కూడా ఇచ్చాడు.

టెక్స్ట్‌లో ఉన్నది ఆ పిల్లేనండీ, బయట నిలబడ్డది మీరు అన్నాను. ఆయన దాన్ని చమత్కారం అనుకుని తల ఊపాడు. హెడ్మాస్టరు గారు గబగబా సమోసాలు ముందుకి జరిపారు. ఆయన రెండు తిని, పల్లెటూళ్ళలో ఆలోచనాశక్తి ఎలా పెంచాలో మాకు కాసేపు చెప్పి వెళ్ళిపోయాడు. ఆ మనిషి మీద నాకు కోపం కూడా రాలేదు, అంత విలువ ఇవ్వబుద్ధి కాలేదు. నా భయమంతా ఆ పిల్ల గురించే. ఆ రోజు మళ్ళీ తలెత్తలేదు. మర్నాడు అటెండెన్స్‌కి కూడా చెయ్యెత్తి ఊరుకుంది.

ఆ సాయంత్రం నేను గోడ మీది చార్టు ఊడదీస్తుంటే వచ్చి వెనక నిలబడింది.

"నేను చెప్పింది తప్పా టీచర్?"

"కాదమ్మా. నువ్వు చెప్పిందే బాగుంది."

"మరి పరీక్షలో ఏది రాయాలండీ?"

పేపరు నేను తయారుచేయను. కీ పైనుంచి వస్తుంది, అందులో కొండా కొనా అన్నీ ఉంటాయి. నేను నోరు విప్పేలోపే ఆ పిల్ల నా మొహం చూసి సంగతి గ్రహించేసింది.

"పరీక్షలో సారు చెప్పింది రాస్తాలెండి. నాది మీకు చెప్తా."

అన్నంత పనీ చేసింది. పరీక్షలో కీ ప్రకారం రాసి మార్కులన్నీ తెచ్చుకుంది. క్లాసులో మాత్రం ఎవరున్నా నోరు విప్పలేదు. ఏదైనా తోస్తే అందరూ వెళ్ళాక నా టేబుల్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పేది. మా వైపు మంచి కాయ ఏరి మార్కెట్‌కి పంపి, దెబ్బ తగిలిన కాయ ఇంటికి ఉంచుకుంటారు. ఎనిమిదో తరగతిలోనే ఆ పిల్లకి దెబ్బకాయ మార్కెట్‌కి పంపి, మంచి కాయ దాచుకోవడం నేర్పించాం.