క్యాసెట్‌కి అద్దె ఒక అనుమానం

బ్యాంకులో కౌంటర్ దగ్గర ఉండగా ఫోన్ వచ్చింది. "మాస్టారు పోయారండీ," అన్నాడు అవతల నుంచి నాతో పాటు చదువుకున్న సూర్రావు. "ఏ మాస్టారు?" అని అడిగాను. అంత తెలివితక్కువ ప్రశ్న ఎలా అడిగానో నాకే తెలియదు. రామచంద్రపురంలో చదువుకున్న మా తరానికి మాస్టారంటే వెంకటరత్నం గారొక్కరే. ఆ వార్తను ఇంకెవరి మీదికైనా నెట్టేయాలని మనసు ఆ క్షణంలో ప్రయత్నించింది కాబోలు. మధ్యాహ్నం భోజనం చేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. ఫోన్ పెట్టేశాక ఎదుట నిలబడ్డ ఖాతాదారు ఏం అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు.

ఆ మహనీయుని గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే కలం సాగడం లేదు. దుఃఖం ఒక కారణం. రెండో కారణం మాస్టారే. "అజాతశత్రువు" అని రాయబోతే, "ఊళ్ళో అందరినీ అడిగావా?" అని పక్కనుంచి గద్దిస్తున్నట్టుంది. అందుచేత విశేషణాలు తగ్గించి, కళ్ళారా చూసినవీ చెవులారా విన్నవీ మాత్రమే రాస్తాను.

ఆయన హైస్కూల్లో సాంఘిక శాస్త్రం బోధించి రిటైరయ్యారు. ఊరు మాత్రం ఆయనను ఏం వినాలో చెప్పే మనిషిగానే ఎక్కువ ఎరుగును. రేడియోలో వచ్చే చరిత్ర ప్రసంగాలు, సైన్సు కార్యక్రమాలు, షార్ట్ వేవ్‌లో గరగరల మధ్య వినవచ్చే విదేశీ స్టేషన్ల ఇంగ్లీషు చర్చలు, ఇవన్నీ టేప్ రికార్డర్‌లో ఎక్కించేవారు. ప్రతి ప్రసంగాన్నీ ముందు తాను రెండుసార్లు వినేవారు. "మొదటిసారి విద్యార్థిలా వింటాను, రెండోసారి పరీక్ష పేపరు దిద్దేవాడిలా వింటాను," అనేవారు. ఆ రెండో వినికిడికి నిలిచినవే అరలోకి ఎక్కేవి.

అడిగిన వాళ్ళకల్లా ఆ క్యాసెట్లు ఇచ్చేవారు. ఎవరికి ఏది తగునో ఆయనే నిర్ణయించేవారు. నిద్ర పట్టడం లేదని వాపోయిన పోస్టుమాస్టరు గారికి నక్షత్రాల దూరాల గురించిన ప్రసంగం ఇచ్చారు. భీమవరం వైపు రొయ్యల చెరువులు వేసి, ఎప్పుడు పలకరించినా చెరువు ముచ్చట్లే చెప్పే తన బావమరిదికి రోమన్ల ఓడ వర్తకం గురించిన చర్చ ఇచ్చారు. "వాడి లోకం చెరువు గట్టు దగ్గరే ఆగిపోయిందమ్మా, కాస్త సముద్రం చూపించాలి," అన్నారు నాతో. "చాలా బాగుంటుంది" అని ఎన్నడూ ఊరించేవారు కాదు. "వినండి, విన్నాక రండి," అనేవారు. క్యాసెట్ తిరిగి ఇచ్చేటప్పుడు దాంతోపాటు ఒక అనుమానం తేవాలి. అదే అద్దె. అనుమానం లేకుండా వస్తే నవ్వి, "మళ్ళీ వినండి," అని వెనక్కి పంపేవారు.

బట్టల కొట్టు సత్యం గారికి ఈ అద్దె పెద్ద తలనొప్పిగా ఉండేది. గోదావరి మీద ఆనకట్ట కట్టకముందు మన డెల్టా ఎలా ఉండేదో చెప్పే ప్రసంగం ఒకసారి పట్టుకెళ్ళి, తిరిగి ఇస్తూ ఆయన తల గోక్కున్నారు. "నాకేం అనుమానాలు లేవండి. ఆయన చక్కగా చెప్పాడండి. కానీ మాస్టారండీ, ఆ చెప్పినాయన అప్పటికి పుట్టలేదు కదండీ? మరి ఆయనకెవరు చెప్పారంటారు?" మాస్టారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏమేవ్, సత్యం గారికి కాఫీ తీసుకురా! ఈయన చరిత్రకారుడైపోయాడు!" అని లోపలికి కేక పెట్టారు. ఆ రోజున సత్యం గారి ముఖంలో కనిపించిన వెలుగు పెళ్ళినాటి ఫోటోలో కూడా లేదని వాళ్ళావిడే అంది.

తప్పు ఒప్పుకోవడంలో ఆయనకు ఉన్నంత తొందర నేను ఇంకెవరిలోనూ చూడలేదు. తాను సిఫారసు చేసిన ఒక ప్రసంగంలో ప్రాచీన లిపి గురించి చెప్పిన విషయం సరికాదని తర్వాత ఒక చర్చ విని గ్రహించారు. మిట్టమధ్యాహ్నం గొడుగు వేసుకుని, ఆ క్యాసెట్ పట్టుకెళ్ళిన వాళ్ళ ఇంటింటికీ వెళ్ళి, "నేను మీకు తప్పు వినిపించానండి, క్షమించాలి," అని చెప్పి వచ్చారు. ఒకాయన మాత్రం, "ఫరవాలేదు మాస్టారండీ, మేమసలు విననేలేదు," అన్నాడట. తప్పు బయటపడినందుకు కలగని బాధ ఆ మాటకు కలిగిందని ఎన్నాళ్ళో చెప్పుకున్నారు.

అటువంటి మనిషికి చెవుడు వచ్చింది. విధి వక్రించిందని రాయాలనుంది, కానీ మాస్టారు విధిని ఒప్పుకోరు. మెల్లమెల్లగా మొదలై, ఎడమ చెవి పూర్తిగా పోయి, కుడి చెవిలో కొద్దిగా మిగిలింది. కాకినాడలో డాక్టరు నరం దెబ్బతిందని, ఇక బాగుపడదని తేల్చేశాడు. చెవి మిషన్ పెట్టుకుంటే, "చప్పుడు వినపడుతోంది, మాట వినపడటం లేదు," అని తీసేశారు. రేడియోకి తాను కుట్టించిన గుడ్డ తొడుగు తానే తొడిగి గూట్లో పెట్టేశారు.

ఆయన సహధర్మచారిణి సుభద్రమ్మ గారిని నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ అంతవరకూ రేడియోను తన సవతి అని వేళాకోళం చేసేవారు. ఆ తొడుగు చూసి ఆవిడ తట్టుకోలేకపోయారు. మెట్ట ప్రాంతంలో ఒక ఊళ్ళో చెవిలో పసరు పోసే పెద్దాయన ఉన్నాడని, చాలామందికి నయమైందని ఎవరో చెప్పారు. సెలవు మీద నేను ఊళ్ళోనే ఉన్నాను. కుడి చెవి దగ్గర వంగి ఆవిడ బతిమాలడం నా ఎదుటే జరిగింది.

"ఒక్కసారి రండి. నా కోసం రండి."

మాస్టారు ఆవిడ వైపు తిరిగారు. "వస్తాను. కానీ అక్కడ ఒక్క మాట నువ్వే అడగాలి. తగ్గినవాళ్ళ సంగతి అందరూ చెబుతున్నారు. తగ్గనివాళ్ళు ఎంతమందో అడుగు. విన్నాక నువ్వు పోయించుకోమంటే పోయించుకుంటాను."

ముగ్గురం బస్సులో వెళ్ళాం. ఆ పెద్దాయన మోసగాడు కాడు. పాక ముందు కూర్చున్నవాళ్ళందరినీ ఆప్యాయంగా పలకరిస్తున్నాడు. మా వంతు వచ్చింది. పిన్నిగారు చేతిసంచి గట్టిగా పట్టుకుని అడిగారు. "మీ దగ్గరికొచ్చినా తగ్గనివాళ్ళు ఎంతమంది ఉంటారండి?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. "తగ్గనోళ్ళు మళ్ళీ రారు కదమ్మా! నాకెలా తెలుస్తుందండి?"

పిన్నిగారు మాస్టారి వైపు తిరిగారు. ఏమీ వినపడని మాస్టారు ఆవిడ ముఖంలోకి చూస్తున్నారు. "ఏమన్నాడు?" అని అడిగారు.

"ఆయనకి తెలీదంటండీ," అని ఆవిడ చెవిలో గట్టిగా చెప్పారు.

"నిజం చెప్పాడు, మంచివాడు. ఇంతకీ ఏం చేద్దాం?"

పసరు గిన్నె సిద్ధంగా ఉంది. వెనక మనుషులు తొందరపడుతున్నారు. పిన్నిగారు ఆ గిన్నెనూ ఆయన కుడి చెవినీ మార్చి మార్చి చూశారు. "ఉన్న కాస్తా పోతేనో?" అని తనలో తాను అనుకుని, "ఇంటికి పోదాం పదండి," అని ఆయన చెయ్యి పట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఆవిడ కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నారు. మాస్టారు నాతో రహస్యంగా చెబుతున్నాననుకుని, "చెవి పోయినందుకు బాధ లేదమ్మా. మీ పిన్నిగారి ఆశ నా చేత్తో తీసేశాను," అన్నారు. చెవిటివారి రహస్యం బస్సంతా వింది. "నెమ్మదిగా మాట్లాడండి, అందరూ చూస్తున్నారు," అని ఏడుపులోనే కసిరారు పిన్నిగారు. అందరూ చూస్తుండగానే ఆయన ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఊరొచ్చేదాకా వదల్లేదు.

మర్నాడు సాయంత్రం తొడుగు తీసి రేడియో పెట్టింది ఆవిడే. ప్రసంగం అంతా శ్రద్ధగా విని, కుడి చెవి దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరి దాకా ఒప్పజెప్పారు. అది నిత్యకృత్యమైంది. ఆవిడ గొంతుకి వీధి వీధంతా సైన్సు నేర్చుకుంది. గ్రహణం గురించి అంతా వివరంగా చెప్పి, "అయినా నేను పట్టుస్నానం చేస్తాను," అని తేల్చేవారు ఆవిడ. "చెయ్యి, నీళ్ళేం తప్పు చేశాయి?" అని నవ్వేవారు ఆయన. తాను విన్న రోజులకంటే ఆవిడ చెప్పిన రోజులే బాగున్నాయని నాతో అన్నారు.

మాస్టారి వంటి గురువు మా ఊరికి మళ్ళీ దొరకరు. ఇప్పుడు కంప్యూటర్లో ఎన్నో ప్రసంగాలు దొరుకుతాయట. ఏది వినాలో, విని ఏమడగాలో మన ముఖం చూసి చెప్పే ఆ వాత్సల్యం ఎక్కడ వెతుక్కోవాలి? ఆ జ్ఞానమూర్తి పాదాలకు శిరసు వంచి నమస్కరిస్తున్నాను.

కర్మకాండ ముగిశాక ఒక సాయంత్రం పిన్నిగారిని చూడటానికి వెళ్ళాను. రేడియోలో ఎవరో సముద్రపు లోతుల గురించి చెబుతున్నారు. ఆవిడ ఎదురుగా కూర్చుని ఉన్నారు. ప్రసంగం అయిపోయింది. "ఏం చెప్పారు పిన్నిగారూ?" అని అడిగాను.

ఆవిడ గుర్తు తెచ్చుకోబోయి, తెచ్చుకోలేక, నా వైపు తిరిగారు.

"ఆయనకి చెప్పాలి కదా అని ఒక్క ముక్క పోనిచ్చేదాన్ని కాదమ్మా. ఇప్పుడు విన్నది విన్నట్టే పోతోంది."