మామయ్య లాన్‌లో మంద

ఆత్మకూరుకి లాన్‌ని తెచ్చింది నేనే. మా అమ్మ తమ్ముడు ఉదయగిరి రోడ్డు పక్కన చిన్న ఫంక్షన్ హాల్ కట్టాడు. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ అని హైదరాబాద్ నుంచి అక్కడ దిగా. "బోర్డు మీద ఏసీ హాల్ అని ఒక్కటే రాయిస్తే ఎవడొస్తాడు మామయ్యా, కింద లాన్ అని కూడా వేయించు" అన్నా. వేయించాడు. కానీ హాల్ ముందు ఉన్నది ఎర్రమట్టి, గులకరాళ్లు, ఒక తుమ్మచెట్టు.

బోర్డు మీద నంబర్ నాది. ఫోన్లే ఫోన్లు.

"లాన్ అంటే ఏందమ్మా, భోజనాలు పెట్టేదా?"

"లాన్‌లో ఫ్యాన్లు ఉండాయా?"

వింజమూరు నుంచి ఒకాయనైతే "హాల్ వద్దులేమ్మా, లాన్ ఒక్కటి ఇయ్యండి, చిన్నదే గదా" అన్నాడు. బ్లాక్ చేశా. మా అత్తకేమో లాన్ అంటే చుడీదార్ గుడ్డ. "మెత్తగా ఉంటాది గానీ ఇస్త్రీ చేయలేక చావాల" అని నాకే క్లాస్ పీకింది.

నాకు లాన్ అంటే మా అపార్ట్‌మెంట్ కింద గడ్డి. కాలు పెడితే వాచ్‌మన్ విజిల్ వేస్తాడు. ఆ మాట చెప్తే మామయ్య నన్ను ఎగాదిగా చూశాడు.

"తొక్కకుండా, మేపకుండా గడ్డెందుకు పాపా పెంచేది?"

అయినా తెప్పించి నాటించాడు. అది పచ్చగా రాదే! నేను ఫొటో తీసి, ఫిల్టర్ వేసి, స్టేటస్ పెట్టా. అది చూసి ఒక పెళ్లికూతురు ఆదివారం వాళ్ల నాయన్ని, అవ్వని తీసుకొస్తానంది. అప్పటిదాకా ఒక్క ఫంక్షన్ కూడా పడలేదు. ఇదీ పోతే హాల్‌ని వడ్ల గోడౌన్‌కి ఇచ్చేస్తానని మామయ్య అత్తతో అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఆ పూట సరిగ్గా తినలేదు.

"గడ్డికి ఏదో ఒకటి చెయ్ మామయ్యా" అన్నా.

చేశాడు.

ఆదివారం పొద్దున బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికొస్తే లాన్ నిండా గొర్రెలు! తీరిగ్గా పడుకుని నెమరేస్తున్నాయి. అక్కడ పొలానికి బలం కావాలంటే గొర్రెల మందని తెచ్చి రాత్రంతా పొలంలోనే ఉంచుతారు, ఆ పెంటే ఎరువు. సీతారామపురం వైపు నుంచి వస్తున్న మందని బతిమాలి మరీ మా లాన్‌లో పెట్టించాడు మామయ్య. కాపరి తుమ్మచెట్టు కింద టీ తాగుతున్నాడు.

"మామయ్యా! నీకు బుర్రుందా? వాళ్లొచ్చే టైమైంది!"

"అరవబాక పాపా. ఒక వాన పడనీ, గడ్డి మోకాళ్ల దాకా వస్తాది."

"మోకాళ్ల దాకా వస్తే దాన్ని లాన్ అనరు!"

ఒక చేత్తో ఫోన్, ఒక చేత్తో బ్రష్ ఊపుతూ తోలా. ఒక్కటీ లేవలేదు. గేట్ దగ్గర కారు ఆగింది.

"లాన్ ఏదమ్మా?" అన్నాడు పెళ్లికూతురి నాయన. చూపిద్దామంటే గడ్డి నేలకంటా మేసేసి ఉంది. కోపానికి నాకు ఏడుపొచ్చేసింది. మామయ్య ముఖం చూడలేకపోయా.

ఈలోపు పెళ్లికూతురు గొర్రెల మధ్య కూర్చుని, ఒక గొర్రెపిల్లని ఒళ్లో పెట్టుకుని సెల్ఫీలు మొదలుపెట్టింది.

"నాయనా, ఇక్కడే. ఇవి కూడా ఉండాల."

"గొర్రెల్లో రిసెప్షన్ ఏందే, మగపెళ్లోళ్లు నవ్వతారు!"

"ఎందుకు నవ్వతార్రా?" అంది అవ్వ. "వాళ్లవి మేకలు, మనవి గొర్రెలు. బూట్లేసుకోంగానే మర్చిపోయినావా? నీ పెళ్లిచూపులకి నిన్ను మందలో నుంచే గదరా లాక్కొచ్చింది!"

కాపరి టీ పొలమారి దగ్గాడు. పెళ్లికూతురి నాయన ముందు బూట్లు చూసుకున్నాడు, తర్వాత పగలబడి నవ్వాడు. "సరే, కానీయండి" అన్నాడు.

మామయ్య ఒక్క ఉరుకులో ఆకు, వక్క తెచ్చాడు. తాంబూలం చేతులు మారితేనే మాట ఖాయమైనట్టు. పెళ్లికూతురి నాయన అందుకోడానికి చెయ్యి చాచాడో లేదో, ఒక పొట్టేలు మధ్యలో తల దూర్చి ఆకులన్నీ లాక్కుని నమిలేసింది. అందరం నోళ్లు తెరిచాం. అపశకునమేమో అని మామయ్య చెయ్యి అట్లాగే గాల్లో ఉండిపోయింది.

"తిననీ. అమ్మోరికి ముట్టినట్టే" అంది అవ్వ. "నిలబడి చూస్తావేందయ్యా, ఇంకోటి తేపో!"

మామయ్య పంచె ఎగ్గట్టి ఇంటివైపు పరిగెత్తాడు. ఆకు రుచి మరిగిన పొట్టేలు ఆయన వెనక. దాని వెనక మందంతా.